కాపరులకు, సంఘ పెద్దలకు బహిరంగ లేఖ: వేదిక ఎక్కని విశ్వాసుల సేవను సేవగా గుర్తించండి

ప్రభువునందు గౌరవనీయులైన కాపరులకు, సంఘ పెద్దలకు, దైవసేవకు యువతను సిద్ధపరిచే ఉపాధ్యాయులకు వందనాలు.

ఈ విషయాన్ని మేము మొదట బహిరంగంగా రాయాలనుకోలేదు. విశ్వాసుల రోజువారీ పనిని కూడా సేవగా గుర్తించాలని కోరుతూ సంఘంలో కొందరం కలిసి ఒక వినతిపత్రం తయారుచేసి మా పెద్దల చేతికిచ్చాం. చదివి చెబుతామన్నారు. తరువాత అడిగితే ప్రార్థనలో పెట్టామన్నారు. మళ్లీ అడిగినప్పుడు, ఇటువంటి ప్రశ్నలు సంఘంలో భేదాలు పుట్టిస్తాయని, ఉన్న పరిచర్యకే పనివారు చాలక ఇబ్బందిపడుతున్న సమయంలో ఇవన్నీ ఎందుకని జవాబు వచ్చింది. ఆ పెద్దలు మాకు పరాయివారు కారు. మా పిల్లల కోసం ప్రార్థించినవారు, మా ఇళ్లలో మరణాలు సంభవించినప్పుడు రాత్రంతా మాతో కూర్చున్నవారు. అయితే ఇతర సంఘాల విశ్వాసులతో మాట్లాడినకొద్దీ ఇది ఒక్క సంఘంలోని సంగతి కాదని మాకు స్పష్టమైంది. అందువల్లే మీ అందరినీ ఉద్దేశించి ఈ లేఖ రాస్తున్నాను.

నేను లెక్కలు రాసే ఉద్యోగం చేస్తున్నాను. ఈ లేఖ వెనుక ఉన్నవారిలో నర్సులు, బడి ఉపాధ్యాయులు, కరెంటు పని చేసేవారు, కుట్టుపని చేసేవారు, మంచం పట్టిన తల్లిదండ్రులను చూసుకుంటూ ఇల్లు కదలలేనివారు ఉన్నారు. దేవుడు మాకిచ్చిన నేర్పుతో, ఆయన మమ్మల్ని ఉంచిన స్థితిలో, మేము దినదినమూ చేస్తున్న పనిని సంఘం ఆయన సేవగా లెక్కించడం లేదు. లెక్కించకపోవడం ఒక్కటే అయితే ఊరుకునేవాళ్లం, ఎందుకంటే మాకు ఘనత అక్కరలేదు. ఆ పనిని ఆయన సేవగా ఎలా చేయాలో మాకు నేర్పేవారు లేకపోవడం, అందువల్ల ఎందరికో అందవలసిన మేలు అందకుండా పోవడం మా బాధ.

సంఘంలో మన మాట తీరును ఒకసారి పరిశీలించండి. వాక్యం చెప్పేవారు, పాటలు నడిపించేవారు, కరపత్రాలు పంచేవారు, ఆదివారపు బడిలో పిల్లలకు బోధించేవారు సేవ చేస్తున్నారంటాం. మిగిలినవారు హాజరవుతారు, కానుక ఇస్తారు, సేవకుల కోసం ప్రార్థిస్తారు. సాక్ష్యం చెప్పడానికి ఉద్యోగం విడిచి సేవలోకి వచ్చినవారిని ముందుకు పిలుస్తాం. ఉద్యోగంలోనే ఉండి, పైఅధికారి తప్పుడు లెక్క రాయమన్నప్పుడు రాయనని నిలబడి, దానికి ఫలితంగా వచ్చిన బదిలీని కుటుంబంతో సహా భరించినవారిని ముందుకు పిలవడం నేను ఇంతవరకు చూడలేదు. మా ఆరు దినాల బతుకంతా "లోకసంబంధమైన పనులు" అనే ఒక్క మాట కిందికి చేరిపోతోంది.

దీనివల్ల సామాన్య విశ్వాసులకు, వారి చుట్టూ ఉన్నవారికి కలుగుతున్న నష్టాలను వరుసగా మనవి చేస్తాను.

1. షిఫ్టు పద్ధతిలో పనిచేసేవారు నేరం చేసినవారిలా తలదించుకుని ఆరాధనకు వస్తున్నారు. మాలో ఒక సహోదరి ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ చేస్తారు. కదలలేని రోగికి వీపు మీద, మడమల మీద పుండ్లు పడకుండా రెండు గంటలకొకసారి ఒక పక్కనుంచి మరో పక్కకు తిప్పాలి. వీపు కింద దుప్పటిలో ముడత ఉంటే సరిచేయాలి. తడిసిన గుడ్డను వెంటనే మార్చి చర్మాన్ని పొడిగా తుడవాలి. ఆ రోగి మాట్లాడలేడు, కృతజ్ఞత చెప్పలేడు. ఆ పని జరిగిందో లేదో తెల్లవారి వచ్చే బంధువులకు తెలియదు. ఎవరూ చూడని ఆ వేళలో ఆమె ప్రతి మంచం దగ్గరా ఆ రోగి పేరు మనసులో తలచి, ప్రార్థించి, ఆ పని చేస్తారు. రాలేని ఆదివారాలు ఉన్నందుకు, వచ్చిన ఆదివారాల్లో డ్యూటీ దిగి ఆలస్యంగా చేరుతున్నందుకు, ఆమె ఆత్మీయంగా చల్లబడ్డారని నలుగురిలో హెచ్చరించారు. రోగిని చూడవచ్చినవారు తనను చూడవచ్చారని ప్రభువు చెప్పిన మాట మత్తయి సువార్త 25వ అధ్యాయంలో ఉంది. దాని మీద మనం ఎన్నో ప్రసంగాలు విన్నాం. ఆ మాటను అక్షరాలా పాటిస్తున్న మనిషి వెనుక బెంచీలో కూర్చుని కన్నీళ్లు తుడుచుకుంటూ ఉంటే, ఆమెను ఆ వాక్యంతో ఓదార్చాలని ఎవరికీ తట్టలేదు.

2. చేతిపని తెలిసినవారి నేర్పు సంఘ భవనం గోడల మధ్యే ఆగిపోతోంది. మైకు పనిచేయకపోతే కరెంటు పని తెలిసిన సహోదరుణ్ణి పిలుస్తాం. ఒంటరిగా ఉంటున్న వృద్ధుల ఇళ్లకు వెళ్లి, పైతొడుగు ఊడిపోయిన తీగలను మార్చి, ప్రాణాపాయం తప్పించాలని ఆయనకు ఆశ. ఆ సంగతి చెబితే, ఆ సాయంత్రాలను సువార్త కూడికలకు ఇవ్వమన్నారు. నాలాగ లెక్కలు తెలిసినవారిని కానుకలు లెక్కపెట్టడానికి పిలుస్తారు, సంతోషంగా వెళతాం. కానీ అప్పుల్లో మునిగి, వడ్డీ మీద వడ్డీ ఎలా పెరుగుతోందో అర్థంకాక నిద్రపట్టని కుటుంబాలు అదే ఆరాధనలో నా వెనుక వరుసలో కూర్చుంటున్నాయి. వారి కాగితాలన్నీ ముందు పెట్టుకుని, ఏ అప్పు ముందుగా తీర్చాలో, ఏది కొంతకాలం ఆగినా నష్టం లేదో, ఎవరితో మాట్లాడి గడువు అడగవచ్చో విడమరచి చెప్పడం నాకు చేతనైన పని. వారి అవసరం నాకు తెలియదు, నా నేర్పు వారికి తెలియదు. ఇద్దరినీ ఎరిగిన కాపరి ఒక్క మాట చెబితే జరిగే మేలు ఏళ్ల తరబడి జరగకుండా ఉండిపోతోంది.

3. పరిస్థితులు కట్టిపడేసినవారు తమను తాము పనికిరానివారిగా ఎంచుకుంటున్నారు. అన్నిటికన్నా ఇది నన్ను ఎక్కువగా బాధిస్తున్న విషయం కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

జ్ఞాపకశక్తి దాదాపు పూర్తిగా పోయిన తల్లిని చూసుకుంటున్న ఒక సహోదరి మా సంఘంలో ఉన్నారు. ఆ తల్లి అడిగిన ప్రశ్ననే మళ్లీ మళ్లీ అడుగుతారు. ఒక్కోసారి కూతుర్ని గుర్తుపట్టక, ఇంట్లో ఎవరో పరాయి మనిషి దూరిందని భయపడి కేకలు వేస్తారు. కూతురు ప్రతిసారీ ఆ ప్రశ్నను మొదటిసారి విన్నట్టుగానే జవాబు చెబుతారు. కేకలు వేసినప్పుడు నేను నీ కూతుర్నని వాదించకుండా, చేయి పట్టుకుని, తల్లికి ఇష్టమైన కీర్తన అందుకుంటారు. మనుషుల పేర్లన్నీ మరచిన ఆ తల్లి కీర్తనలోని మాటలను మాత్రం తప్పు లేకుండా అందుకుని పాడతారు. ఈ సహోదరి ఒకప్పుడు గాయక బృందంలో ఉండేవారు. అభ్యాసాలకు రాలేకపోతున్నారని బృందంలోనుంచి పేరు తీసివేసిన తరువాత ఆమె నాతో, "ఇప్పుడు నేను దేవుని కోసం ఏమీ చేయడం లేదు" అన్నారు. అదే స్వరంతో, అదే కీర్తనతో, తన తల్లి భయాన్ని తొలగిస్తున్న మనిషి నోట ఆ మాట రావడానికి మన బోధే కారణమని నేను నమ్ముతున్నాను.

దీర్ఘరోగులు, వైకల్యం ఉన్నవారు, పని దొరకనివారు, వయసు మీరినవారు, ఎదుగుదల లేని బిడ్డను ఎత్తుకుని తిరిగే తల్లులు, అందరి పరిస్థితీ ఇదే. ఆటంకం తొలగిన తరువాత సేవ చేయవచ్చని మనం వారికి చెబుతున్నాం. ఆ ఆటంకమే వారి సేవాస్థలం కావచ్చునని చెప్పడం లేదు. పౌలు తన బంధకాలు సువార్తకు అడ్డు రాలేదని, కాపలా సైనికులందరికీ ఆ సంగతి తెలిసిందని ఫిలిప్పీయులకు రాశాడు. చెరసాలలో ఉన్న మనిషికి గొలుసుకు అవతలి కొసన ఉన్న సైనికుడే సంఘమయ్యాడు. దయ్యాలు పట్టి బాగుపడిన గెరాసేనుల దేశస్థుడు ప్రభువు వెంట వస్తానని బతిమాలుకున్నప్పుడు ప్రభువు అతణ్ణి రానివ్వలేదు. నీ ఇంటివారి దగ్గరకు వెళ్లి ప్రభువు నీకు చేసిన మేలు చెప్పమన్నాడు (మార్కు 5:18–20). వెంబడిస్తానన్నవాణ్ణి ఇంటికి పంపడం కూడా ఆయన పిలుపే.

ఇక్కడ ఒక మాట తప్పక చెప్పాలి. ఉన్న స్థితిలోనే సేవ చేయాలన్న బోధను, దెబ్బలు తింటున్న భార్యను ఆ ఇంట్లోనే ఉండమనడానికో, జీతం ఎగ్గొడుతున్న యజమాని దగ్గర నోరు మూసుకుని పనిచేయమనడానికో వాడకండి. పిలువబడిన స్థితిలో ఉండమని దాసునికి చెప్పిన పౌలే, స్వతంత్రుడు కాగలిగితే ఆ అవకాశాన్ని వినియోగించుకోమన్నాడు (1 కొరింథీ 7:20–21). దాసులకు మనఃపూర్వకంగా పనిచేయమని రాసిన కొలొస్సయుల పత్రికే, యజమానులు న్యాయంగా నడచుకోవాలని, వారికి కూడా పరలోకంలో యజమాని ఉన్నాడని హెచ్చరిస్తోంది.

4. ఉత్సాహంగల యువతకు ఒక్క దారే కనిపిస్తోంది. ప్రభువు మీద ప్రేమ కలిగిన ప్రతి యువకుడూ చదువు మానుకోవాలి, ఉద్యోగం విడవాలి, బైబిలు శిక్షణకు వెళ్లాలి అన్నట్టుగా పరిస్థితి తయారైంది. బోధించే వరం ఉన్నవారికి అది సరైన దారే. ఆ వరం లేనివారు కొన్నేళ్లు కష్టపడి, ఫలితం కనపడక, దేవుడే తమను విడిచాడనుకుని కుంగిపోతున్నారు. మంచి వైద్యుడో, మంచి మెకానిక్కో కావలసిన మనిషి పోవడం సంఘానికే కాదు, ఆ ఊరంతటికీ నష్టం.

5. ఆదివారానికీ సోమవారానికీ సంబంధం తెగిపోతోంది. పని దేవునిది కాదని నమ్మినవాడికి పనిలో దేవుని భయం ఎందుకుండాలి? దశమభాగం లెక్కగా ఇస్తూ, తన బల్ల ముందు నిలబడిన పేదవాని ఫైలును లంచం కోసం తొక్కిపట్టే ఉద్యోగికి, ఈ రెండింటికీ మధ్య ఉన్న వైరుధ్యం మన ప్రసంగాల్లో వినపడటం లేదు. కూలి ఆలస్యంగా ఇచ్చే యజమాని, తరగతికి సిద్ధపడకుండా వెళ్లే ఉపాధ్యాయుడు, నాసిరకం సరుకును మంచిదని అమ్మే వ్యాపారి మన ప్రభువు బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షారసంలో పాలుపొందుతున్నారు. వారి వల్ల నష్టపోయేవారిలో ఎక్కువమంది సంఘం ముఖం చూడనివారు. మన దేవుని గురించి వారికి అందుతున్న ప్రసంగం ఇదే. బాప్తిస్మమిచ్చు యోహాను దగ్గరకు సుంకరులు, అంటే పన్నులు వసూలు చేసేవారు, వచ్చి తామేమి చేయాలని అడిగినప్పుడు ఆయన వారిని సుంకపు మెట్టు విడిచి అరణ్యానికి రమ్మనలేదు. నిర్ణయించినదానికన్నా ఎక్కువ వసూలు చేయవద్దన్నాడు. సైనికులతో, ఎవరినీ బాధపెట్టవద్దు, అపనింద వేయవద్దు, మీ జీతంతో తృప్తి పొందండి అన్నాడు (లూకా 3:12–14). మారుమనస్సుకు తగిన ఫలం వారి వారి పనిలోనే కనపడాలన్నది ఆయన బోధ. ఇంత సూటిగా, ఇంత వివరంగా, ఒక్కొక్క వృత్తినీ ఉద్దేశించి చెప్పిన ప్రసంగం మన సంఘాల్లో చివరిసారి ఎప్పుడు విన్నామో మీరే ఆలోచించండి.

6. మీరు కూడా నలిగిపోతున్నారు. పరామర్శ, లెక్కలు, మరమ్మతులు, తగవుల పరిష్కారం అన్నీ ఒక్క కాపరి మీదే పడుతున్నాయి. ఉదయంనుంచి సాయంత్రం వరకు ఒక్కడే న్యాయం తీరుస్తున్న మోషేను చూసి అతని మామ యిత్రో, నీవూ నీతో ఉన్న ప్రజలూ నలిగిపోతారని చెప్పి, పనిని పదిమంది మీద, యాభైమంది మీద, వందమంది మీద నియమితులైనవారికి పంచమన్నాడు. మోషే విన్నాడు.

మేము అడుగుతున్నది కొత్త బోధ ఏమీ కాదు. దేవుని ఆత్మతో నింపబడ్డాడని నిర్గమకాండము 31వ అధ్యాయం పేరు పెట్టి చెబుతున్న, ప్రత్యక్ష గుడారపు పనికి నియమితుడైన బెసలేలు ప్రవక్త కాదు, యాజకుడు కాదు. బంగారం, వెండి, ఇత్తడి పనిచేసేవాడు, రత్నాలు సానబట్టేవాడు, కర్ర చెక్కేవాడు. అతనికి తోడుగా ఇచ్చిన అహోలీయాబు నేతపని, బుటాపని ఎరిగినవాడు. వారిద్దరికీ ఇతరులకు నేర్పే బుద్ధిని కూడా దేవుడు పుట్టించాడని 35వ అధ్యాయంలో ఉంది. అంటే పనితనం ఆయనిచ్చినదే, పనిని మరొకరికి నేర్పే గుణం కూడా ఆయనిచ్చినదే. చేతికింద కుర్రవాళ్లకు పని నేర్పే మేస్త్రీకి ఈ మాట ఎంత ధైర్యమో, ఆ మేస్త్రీకి చెప్పి చూడండి.

యొప్పేలో తబితా చనిపోయినప్పుడు విధవరాండ్రు పేతురు చుట్టూ చేరి ఏడుస్తూ, ఆమె తమతో ఉన్నప్పుడు కుట్టిన అంగీలను, వస్త్రాలను చూపించారు. ఆమె చేసిన ప్రసంగం గాని ప్రార్థన గాని అక్కడ రాయబడలేదు. ఆమె సేవకు సాక్ష్యం ఆ కుట్లే. వాటిని తొడుక్కున్నవారే సాక్షులు. రోమీయులకు రాసిన పత్రికను పౌలు చెబుతుంటే చేతితో రాసినవాడు తెర్తియు. 16వ అధ్యాయంలో తన పేరుతో ఒక్క వాక్యంలో వందనం చెబుతాడు. అదే అధ్యాయంలో తన ఇంటిని సంఘమంతటికీ తెరిచిన గాయియు ఉన్నాడు, పట్టణపు ఖజానా చూసే ఎరస్తు ఉన్నాడు. వ్రాయసకాడు, ఇల్లు ఉన్నవాడు, ఖజానాదారుడు. వారిలో ఎవరూ తమ పని మానుకుని అక్కడికి చేరినట్టు లేదు. పౌలు కూడా అకుల, ప్రిస్కిల్లలతో కలిసి డేరాలు కుట్టాడు. అన్నిటికన్నా ముఖ్యంగా, మన ప్రభువు వడ్రంగి పని చేశాడు. ఆయన బోధ ఆరంభించినప్పుడు దాదాపు ముప్పై ఏళ్లవాడని లూకా రాశాడు. "నీయందు నేనానందించుచున్నాను" అన్న స్వరం పరలోకంనుంచి వచ్చేనాటికి ఆయన ఇంకా ఒక్క ప్రసంగమూ చేయలేదు, ఒక్క అద్భుతమూ చేయలేదు.

సంఘ చరిత్ర కూడా ఈ మాటే చెబుతోంది. కాపరులు, యాజకులు మాత్రమే ఆత్మీయ వర్గమనే భావనను క్రైస్తవ సంస్కర్త మార్టిన్ లూథర్ 1520లో ఖండించాడు. విశ్వాసులందరూ ఒకే వర్గమని, చేసే పనిలోనే తేడా అని వాదించాడు. కథోలిక సంఘం 1965లో రెండవ వాటికన్ మహాసభలో, సామాన్య విశ్వాసుల ప్రేషిత కార్యం (లోకంలో వారు చేయవలసిన క్రైస్తవ సేవ) గురించి ప్రత్యేకంగా ఒక ఆదేశపత్రమే వెలువరించింది. 17వ శతాబ్దంలో పారిస్‌లోని ఒక కర్మెలు సన్యాసుల మఠంలో సహోదరుడు లారెన్స్ తనకు ఇష్టంలేని వంటశాల పనిని ఏళ్ల తరబడి చేస్తూ, ఆ గిన్నెల చప్పుడు మధ్యనే దేవుని సన్నిధిని అనుభవించడం నేర్చుకున్నాడు; తరువాత అదే మఠంలో చెప్పులు బాగుచేశాడు. 1793లో భారతదేశానికి వచ్చిన మిషనరీ విలియం కేరీ చెప్పులు కుట్టే పని నేర్చినవాడు. శ్రీరాంపూర్‌లో 1801లో బెంగాలీ కొత్త నిబంధన వెలువడటానికి అనువాదకుడు ఒక్కడే చాలలేదు; అచ్చుపని తెలిసిన విలియం వార్డ్ కావలసివచ్చాడు, బెంగాలీ అచ్చు అక్షరాలను చెక్కగల పంచానన్ కర్మకార్ కావలసివచ్చాడు. లోహాన్ని అక్షరంగా చెక్కే ఆ నేర్పు లేకపోతే కేరీ అనువాదం రాతప్రతిగానే ఉండిపోయేది.

మీ వైపునుంచి వచ్చే అభ్యంతరాలు మాకు తెలుసు, వాటిలో న్యాయం ఉంది. ప్రతి పనినీ సేవ అంటే ఇక సువార్త ప్రకటించేదెవరని అడుగుతారు. యెరూషలేములో హింస రేగినప్పుడు అపొస్తలులు అక్కడే ఉండిపోయారు, చెదరిపోయిన సామాన్య విశ్వాసులే వాక్యాన్ని ప్రకటిస్తూ సంచరించారని అపొస్తలుల కార్యములు 8వ అధ్యాయం చెబుతోంది. కుష్ఠరోగి అయిన సిరియా సేనాధిపతి నయమాను ఇంట్లో దాసిగా ఉన్న చిన్నది, యజమానురాలికి పరిచారం చేస్తూనే ప్రవక్త సంగతి చెప్పింది. ఆమె ఆ ఇంట్లో లేకపోతే నయమానుకు ఆ మాట చేరేది కాదు. పనిలో నమ్మకంగా ఉన్నవారి నోటినుంచి వచ్చే మాటకు వినేవారుంటారు. ఇక రెండవ అభ్యంతరం: నా ఉద్యోగమే నా సేవ అని చెప్పి ఆరాధనకు, సహవాసానికి ఎగనామం పెట్టేవారు తయారవుతారని. అటువంటివారు ఉంటారు. అయితే దానికి కొలత వాక్యంలోనే ఉంది. పొందిన వరాన్ని ఒకరికొకరు ఉపచారం చేయడానికి వాడాలని పేతురు తన మొదటి పత్రిక 4వ అధ్యాయంలో రాశాడు. నా పనివల్ల పొరుగువాడికి మేలు జరుగుతోందా, ఆ పని దేవుని ఎదుట దాచవలసిన అవసరం లేనంత నిజాయితీగా ఉందా అని ఎవరైనా అడిగితే జవాబు చెప్పుకోగలగాలి. అలా అడిగేవారు లేనందువల్లే సాకులు పెరుగుతాయి. మమ్మల్ని అడగండి, దిద్దండి. మీ బోధ నుంచి తప్పించుకోవాలని ఈ లేఖ రాయలేదు.

బోధకుల స్థానాన్ని తగ్గించాలన్న ఉద్దేశం మాకు లేదు. కాపరులను, ఉపదేశకులను దేవుడు నియమించింది పరిశుద్ధులను పరిచర్యకు సిద్ధపరచడానికేనని ఎఫెసీయులకు రాసిన పత్రిక 4వ అధ్యాయం చెబుతోంది కాబట్టి, మీకు అప్పగించిన ఆ పనినే మా విషయంలో చేయమని అడుగుతున్నాం. ఆ ప్రకారం మా కోరికలు ఇవి.

1. నెలకు ఒక్క ఆదివారమైనా దైనందిన పని గురించి బోధించండి. కూలి, కొలత, అప్పు, అబద్ధం, పైఅధికారికి లోబడటం, లోబడకూడని సందర్భాలు, వీటిని ఒక్కొక్క వృత్తి పేరు పెట్టి చెప్పండి. సాక్ష్యానికి పూర్తికాల సేవకులతోపాటు పనిలో నమ్మకంగా నిలబడినవారిని, దానివల్ల నష్టపోయినవారిని కూడా పిలవండి.

2. సువార్తికులను పంపేటప్పుడు చేతులుంచి ప్రార్థించినట్టే, కొత్తగా ఉద్యోగంలో చేరే ఉపాధ్యాయుల కోసం, నర్సుల కోసం, డ్రైవర్ల కోసం, ఇంట్లో రోగి బాధ్యత మీదపడినవారి కోసం సంఘం ఎదుట ప్రార్థించి పంపండి.

3. ఎవరికి ఏ పని చేతనవునో, ఎవరు ఏ భారం మోస్తున్నారో ఇంటింటికీ వెళ్లి అడిగి రాసుకోండి. పాట వచ్చా, వాక్యం చెప్పగలవా అన్న రెండు ప్రశ్నలతో ఆపవద్దు. ఆ వివరాలను గోప్యంగా ఉంచి, అవసరమున్నవారినీ నేర్పు ఉన్నవారినీ కలపడానికి ఇద్దరు నమ్మకమైనవారిని నియమించండి. ఆ సహాయం సంఘ సభ్యత్వం లేనివారికి కూడా అందాలి, మతం మారాలన్న షరతు లేకుండా అందాలి.

4. ఇల్లు కదలలేనివారి దగ్గరకు ప్రభువు బల్లను తీసుకెళ్లండి. రోగిని చూసుకునేవారికి వారంలో కొన్ని గంటలు విశ్రాంతి దొరికేలా, వారి బదులు కూర్చునేవారిని వంతులవారీగా పంపండి. వెళ్లినప్పుడు, మీ కోసం మేమేం చేయగలమని అడగడంతోపాటు, సంఘం కోసం మీరేం చేయాలనుకుంటున్నారని కూడా అడగండి. మంచంలో ఉన్న మనిషి ఫోనులో ఒంటరివారిని పలకరించగలరు. చూపు పోయిన వృద్ధురాలు పేర్లు వినిపిస్తే ప్రతి పేరునూ ప్రార్థనలో మోయగలరు. అయితే ఏదో ఒక పని అప్పగించాలన్న తొందరలో వారిని అలసటకు గురిచేయవద్దు.

5. షిఫ్టుల కారణంగా ఆదివారం రాలేనివారిని ఆత్మీయ క్షీణత ఉన్నవారిగా లెక్కించడం ఆపండి. వారికోసం వారం మధ్యలో ఒక చిన్న కూడిక ఏర్పాటు చేయండి.

6. ఉద్యోగం, చదువు విడిచి సేవకు రావాలనుకునే యువతను వెంటనే ప్రోత్సహించకండి, వెంటనే నిరుత్సాహపరచకండి. వారి వరమేమిటో సంఘంలో కొంతకాలం పరీక్షించి, కుటుంబంతో మాట్లాడి, బోధించే వరం కనపడనివారికి వారి వృత్తిలోనే ప్రభువును ఎలా సేవించాలో చూపించండి.

7. దైవసేవకు శిక్షణనిచ్చే ఉపాధ్యాయులకు ప్రత్యేక మనవి. మీ విద్యార్థులను ఆసుపత్రి వార్డులకు, కర్మాగారాలకు, పొలాలకు, బడులకు పంపండి. అక్కడ ప్రసంగించడానికి వద్దు; పక్కన నిలబడి చూడటానికి, వినడానికి, విశ్వాసి తన పనిలో ఎదుర్కొనే ఇరుకును అర్థం చేసుకోవడానికి పంపండి.

ఈ లేఖను మీ పెద్దల కూటమిలో బిగ్గరగా చదివించి, పై ఏడు కోరికల్లో ఏవి వెంటనే ఆరంభించగలరో, ఏవి కుదరవో, కుదరకపోతే వాక్యానుసారమైన కారణమేమిటో సంఘానికి రాతపూర్వకంగా తెలియజేయమని కోరుతున్నాం. మూడవ కోరికలోని వివరాల సేకరణకు, నాలుగవ కోరికలోని వంతులకు మాలో కొందరు ఇప్పటికే పేర్లిచ్చారు. లెక్కలు, చిట్టాలు రాసే బాధ్యత నేను తీసుకుంటాను. మీరు అనుమతించిన రోజునుంచి పని మొదలుపెడతాం.

ప్రభువు సేవలో మీ తోటిపనివారు,
కొందరు సామాన్య విశ్వాసుల తరఫున
లెక్కలు రాసే ఒక సహోదరుడు